సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు: రెండు శిబిరముల నడుమ నొక ఉపాధ్యాయుడు

మన ఎర్రగుంట్ల స్టేషనులో మదరాసు వైపు, అనగా నేటి చెన్నై వైపు, పోవు బండి నెక్కినవారు కమలాపురము, కడప, నందలూరు, రాజంపేట, కోడూరు దాటి రేణిగుంట చేరుదురు. అచ్చటనుండి పుత్తూరు మీదుగా మఱికొంత దూరము పోయినచో కొండమీద కుమారస్వామి గుడియు, కొండక్రింద నొక పట్టణమును కనబడును. అదియే తిరుత్తణి. మన యూరిని తాకి పోవు ఆ యినుపదారి ప్రక్కనే, ఆ తిరుత్తణిలో, 1888వ సంవత్సరము సెప్టెంబరు 5వ తేదీన ఒక తెలుగు కుటుంబమున రాధాకృష్ణన్ గారు జన్మించిరి.

విద్యార్థులారా! ఆ తేదీ మీ కందఱకును తెలిసినదే. ఏటేట ఆనాడు దేశమంతటను ఉపాధ్యాయ దినోత్సవము జరుగును. తెల్లని తలపాగాయు, కండ్లద్దములును, పొడుగుకోటును గల ఆ మూర్తిని చిత్రపటమునందు చూడని బాలుడు లేడు. కాని యీ యుపాధ్యాయుడు అఱువదియేండ్ల వయస్సు దాటిన పిమ్మట, లోకము రెండు శత్రుశిబిరములుగా చీలియున్న కాలమున, మాస్కో నగరమునకు భారత రాయబారిగా వెళ్లి, స్టాలిన్ యెదుట కూర్చుండి మాటలాడెనని యెఱిగినవారు తక్కువ. ఆ పని యెట్లు జరిగినది, దానివలన నేమి ఫలించినది, ఏది ఫలింపలేదు అనునది ఈ వ్యాసమునందు చెప్పదలచితిమి.

ఆయన యింటిపేరు నెల్లూరు జిల్లాలోని సర్వేపల్లి గ్రామమును బట్టి వచ్చినది. తండ్రి వీరాస్వామిగారు జమీందారీ కొలువులో స్వల్పవేతనముగల రెవెన్యూ ఉద్యోగి. తల్లి సీతమ్మగారు. కలిమి లేని యిల్లు. బాలుని చదువు చాలవఱకు విద్యార్థివేతనములమీదనే సాగినది. 1896లో ఆయన తిరుపతియందు జర్మనీదేశపు హెర్మన్స్‌బర్గు లూథరన్ మిషనువారి పాఠశాలలో చేరిరి. 1900లో వేలూరునందలి అమెరికా మిషనువారి వూరీసు కళాశాలకు వెళ్లిరి. అటుపిమ్మట మదరాసునందు స్కాట్లండు మిషనువారు నెలకొల్పిన క్రైస్తవ కళాశాలలో చదివి ఎం.ఏ. పట్టము పొందిరి. అచ్చట తత్త్వశాస్త్రము నెన్నుకొనుట యాదృచ్ఛికముగా జరిగినది. అదే కళాశాలలో చదువు ముగించిన జ్ఞాతి యొకరు తమ పుస్తకముల నిచ్చివేసిరి. అవి తత్త్వశాస్త్ర గ్రంథములు. క్రొత్త పుస్తకములు కొనుటకు శక్తి లేని విద్యార్థి ఆ శాస్త్రమునే తీసికొనెను.

మిషను బడిలో హిందూ బాలుడుగా ఆయన పొందిన యనుభవ మొకటి మనము ప్రత్యేకముగా గమనింపదగినది. ఆ కాలపు మిషనరీ ఉపాధ్యాయులలో కొందఱు హిందూమతమును నిశితముగా విమర్శించుచుండిరి. వేదాంతమునందు నీతికి చోటు లేదనియు, లోకమంతయు మాయ యైనపుడు మంచిచెడ్డలకు విలువ యెక్కడిదనియు వారి వాదము. ఆ మాటలు బాలుని మనస్సును నొప్పించినవి. నొచ్చినవాడు రెండు విధముల ప్రవర్తింపవచ్చును. గురువును ద్వేషించి చదువు మానవచ్చును. లేదా తన వారిని తానే తక్కువగా చూచి గురువు మెప్పు వెదకవచ్చును. రాధాకృష్ణన్ గారు ఈ రెండును చేయలేదు. ఆ విమర్శలో నెంత నిజమున్నదో తెలిసికొనదలచి తమ గ్రంథములను తామే మొదటినుండి చదువసాగిరి. ఎం.ఏ. పరీక్షకై వారు వ్రాసిన వ్యాసము వేదాంతమునందలి నీతిని గుఱించినదే. అది 1908లో అచ్చుపడినది. తమ యాచార్యుడైన ఎ.జి. హాగ్ దొరగారు దానిని చూచి కోపింతురేమో యని శిష్యుడు భయపడెను. హాగ్ దొరగారు కోపింపలేదు సరికదా, శిష్యుని పాండిత్యమును ప్రశంసించుచు యోగ్యతాపత్రమిచ్చిరి. తనతో నేకీభవింపని శిష్యుని మెచ్చుకొనిన గురువును, తన్ను నొప్పించిన విమర్శను చదువుగా మార్చుకొనిన శిష్యుని ఇరువురిని ఇచ్చట చూడుడు. మన జిల్లాలో జమ్మలమడుగు మొదలగు చోట్ల మిషనువారు బడులను, వైద్యశాలలను నడిపిన కథ మీ తాతలు చెప్పగా వినియుందురు. అట్టి బడులు మన దేశమునకు చేసిన మేలులో ఇట్టి కలయిక యొకటి.

తరువాతి నలువది సంవత్సరముల చరిత్ర పెద్దది. సంగ్రహముగా చెప్పుదుము. 1909లో మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఉపాధ్యాయుడైరి. 1918లో మైసూరునకును, 1921లో కలకత్తా విశ్వవిద్యాలయమునకును వెళ్లిరి. మైసూరు విడుచునాడు శిష్యులు గుఱ్ఱములను విప్పివేసి, గురువు కూర్చున్న బండిని తామే రైలు స్టేషను వఱకు లాగికొని పోయిరి. భారతీయ తత్త్వశాస్త్రమును గుఱించి ఆయన వ్రాసిన రెండు సంపుటములు 1923లోను, 1927లోను వెలువడి పాశ్చాత్య దేశములందు గొప్ప పేరు తెచ్చినవి. 1931 మొదలు 1936 వఱకు వాల్తేరునందు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నుండిరి. 1936లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారు ప్రాచ్యమతములు, నీతిశాస్త్రము బోధించు ఆచార్యపీఠమున వారిని నిలిపిరి. 1939 మొదలు 1948 వఱకు కాశీ హిందూ విశ్వవిద్యాలయమును నడిపిరి.

వాల్తేరులో జరిగిన యొక చిన్న విషయము మన కథకు ముఖ్యము. ఆయన పిలిచి తెచ్చుకొనిన యువ ఉపాధ్యాయులలో హీరేన్ ముఖర్జీగా రొకరు. ఇంగ్లండులో చదివి, వామపక్ష భావములతో తిరిగివచ్చిన వంగదేశీయుడు. అతడే తరువాతికాలమున లోకసభలో కమ్యూనిస్టు పక్షమున గొప్ప వక్తగా ప్రసిద్ధికెక్కెను. రాధాకృష్ణన్ గారు ఆత్మను నమ్మినవారు, భౌతికవాదమును అంగీకరింపనివారు. అయినను, తన నమ్మకము లేనివాడు తన విశ్వవిద్యాలయమున పాఠము చెప్పరాదని ఆయన యనుకొనలేదు.

ఇక లోకపు స్థితి. రెండవ ప్రపంచయుద్ధము 1945లో ముగిసెను. హిట్లరును ఓడించుటకు ఒక్క చేయిగా నిలిచిన అమెరికా, బ్రిటను, సోవియట్ రష్యాలు గెలిచిన వెంటనే ఒకరినొకరు అనుమానించుట మొదలిడెను. తూర్పు ఐరోపా దేశములలో సోవియట్ సైన్యము నిలిచిన చోటులందు కమ్యూనిస్టు ప్రభుత్వము లేర్పడెను. అమెరికా పశ్చిమ ఐరోపాకు ధనమును, ఆయుధములను ఇయ్యసాగెను. 1948 జూనులో సోవియట్ వారు పశ్చిమ బెర్లినునకు పోవు భూమార్గములను మూసివేయగా, పాశ్చాత్యులు ఏడాదికి దగ్గఱగా బొగ్గును తిండిని విమానములమీద చేరవేసిరి. 1949 ఏప్రిలులో అట్లాంటిక్ సంధి జరిగినది. ఆ యేడే ఆగస్టులో సోవియట్ వారు మొదటి పరమాణుబాంబును పరీక్షించిరి. అక్టోబరులో చైనాయందు కమ్యూనిస్టు ప్రభుత్వము స్థాపితమైనది. తుపాకి పేలని చోటనుగూడ యుద్ధభయము నిండియుండిన ఆ కాలమునకు ప్రచ్ఛన్నయుద్ధమని పేరు వచ్చినది. క్రొత్తగా స్వాతంత్ర్యము పొందిన ప్రతి దేశమును ఇరుపక్షములవారు అడిగిన ప్రశ్న యొక్కటియే: నీవు మావాడవా, వారివాడవా?

నెహ్రూగారి ప్రభుత్వము ఎవరి సైనికకూటమిలోను చేరము, అందఱితో స్నేహముగా నుందుమని నిశ్చయించుకొనెను. ఈ మాట మాస్కోలో నెవరును నమ్మలేదు. భారతదేశము పేరునకు స్వతంత్రమైనను ఇంకను ఆంగ్లేయుల చెప్పుచేతలలోనే యున్నదని వారి తలంపు. మొదటి రాయబారిగా వెళ్లిన విజయలక్ష్మీ పండిట్ గారికి అచ్చట నున్నంతకాలము స్టాలిన్ దర్శనమే లభింపలేదు. ఆమె తరువాత, 1949లో, నెహ్రూగారు రాధాకృష్ణన్ గారిని పంపిరి. చాలమంది ఆశ్చర్యపడిరి. దేవుడు లేడని పాలించువారి రాజధానికి ఉపనిషత్తులు బోధించు పండితుడా? రాయబార విద్య నెఱుగని ఉపాధ్యాయుడా? పైగా 1947లో వెలువడిన ఒక గ్రంథమున ఆయన మార్క్సు మతమును గుఱించి తన అభిప్రాయమును దాచక తెలిపియుండిరి. పేదల యెడ దానికిగల ఆవేదనను మెచ్చుకొనిరి; మనిషిని పదార్థముగా మాత్రమే చూచుటను ఖండించిరి.

మాస్కోలో ఆయన జీవితము రాయబారి జీవితమువలె నుండలేదు. విందులలో ఆయనకు ఆసక్తి లేదు. పెక్కు గంటలు మంచముమీదనే కూర్చుండి చదువుకొనుటయు, వ్రాసికొనుటయు ఆయన యలవాటు. 1953లో వెలువడిన ఉపనిషత్తుల ఆంగ్లానువాదమునకై ఆ కాలముననే పని చేసిరి. ఆక్స్‌ఫర్డు పీఠమును గూడ విడువలేదు. ఏటేట కొంతకాలము అచ్చటికి వెళ్లి పాఠములు చెప్పివచ్చుటకు ప్రభుత్వము సమ్మతించియుండెను. అనగా ఒకే మనుష్యుడు కొన్ని నెలలు ఇంగ్లండులో గురువు, మిగిలిన నెలలు రష్యాలో రాయబారి. ఇరుశిబిరముల నడుమ అట్లు రాకపోకలు సలుపువారు ఆనాడు బహు కొలదిమంది.

1950 జనవరిలో, ఒక రాత్రివేళ, క్రెమ్లిన్ కోటలో స్టాలిన్ ఆయనను పిలిపించి మాటలాడెను. ఆ వార్త విని మాస్కోయందలి తక్కిన రాయబారులు విస్మయమొందిరి. ఆ పరిచయమును గుఱించి చరిత్రకారులు చెప్పు కథ యొకటి కలదు. పూర్వము మా దేశమున నొక చక్రవర్తి రక్తపాతముతో విజయము గడించి, ఆ విజయమునకే దుఃఖించి యుద్ధమును విడిచెను, బలముచేత అధికారము నందిన తమకును అట్టి మార్పు కలుగునేమో యెవరెఱుగుదురు అని రాధాకృష్ణన్ గారు కళింగయుద్ధమును, అశోకుని తలచుకొని చెప్పిరట. స్టాలిన్ కోపగింపలేదు. వింతలు జరుగుట కలదనియు, తానును బాల్యమున అయిదేండ్లు మతపాఠశాలలో చదివినవాడననియు బదులు చెప్పెనట. స్టాలిన్ తిఫ్లిసు పట్టణమున క్రైస్తవ గురువులను తయారుచేయు విద్యాలయమున చదివిన మాట చరిత్రసిద్ధమే. ఇద్దఱును మిషను బడుల వంటి బడులనుండి వచ్చినవారే. ఒక్కడు ఎట్టివాడైనది, రెండవవాడు ఎట్టివాడైనది లోక మెఱుగును.

మిత్రులారా, ఈ కథను కేవలము చమత్కారముగా తీసికొనకుడు. స్టాలిన్ ఎవరు? ఆతని యాజ్ఞచే లక్షలకొలది ప్రజలు చెఱలయందును, నిర్బంధ శిబిరములయందును నశించిరి. ఆతని యెదుట ఆతని స్వంత మంత్రులే వణకుచుండిరి. అట్టివాని యెదుట పొగడుటయు, తిట్టుటయు రెండును సులువే. పొగడినచో పని జరుగవచ్చును; తిట్టినచో ఇంటివద్ద కీర్తి రావచ్చును. నీవు చేసినది రక్తపుదారి, అయినను నీవు మారగలవు అని మెత్తగా చెప్పుట కష్టము. తప్పు చేసిన విద్యార్థితో మంచి యుపాధ్యాయుడు మాటలాడు విధ మదియే.

ఆ యేడు జూన్ 25వ తేదీన కొరియా యుద్ధము మొదలయ్యెను. ఉత్తర కొరియా సైన్యము దక్షిణమునకు దిగెను. అమెరికా నాయకత్వమున ఐక్యరాజ్యసమితి సేనలు ఎదిర్చెను. చైనా కమ్యూనిస్టు ప్రభుత్వమునకు సమితిలో స్థానమియ్యలేదను కోపముచే సోవియట్ ప్రతినిధి అప్పటికి భద్రతామండలికి రాకుండెను. చైనాకు చోటిచ్చి, సోవియట్ ప్రతినిధిని తిరిగి రప్పించి, అందఱును ఒకచోట కూర్చుండి యుద్ధము నాపు మార్గము వెదకుట మంచిదని భారతదేశము తలచెను. ఈ దిశగా రాధాకృష్ణన్ గారు మాస్కోలో సంభాషణములు జరిపిరి. జూలైలో నెహ్రూగారు స్టాలినునకును, అమెరికా విదేశాంగమంత్రి డీన్ ఎచిసనునకును లేఖలు వ్రాసిరి. స్టాలిన్ సమ్మతి తెలిపెను. దండెత్తినవారికి బహుమతి యిచ్చినట్లగునని అమెరికా నిరాకరించెను. ఆ ప్రయత్నము విఫలమైనది. యుద్ధము మూడేండ్లు సాగి, 1953 జూలై 27వ తేదీన సంధితో నిలిచినది. అప్పుడు తమ దేశమునకు తిరిగిపోవుటకు ఇష్టపడని 22 వేలకు పైగా ఖైదీలను కాపాడు పని ఇరుపక్షములును నమ్మి యొప్పగించినది భారత సైన్యమునకే. జనరల్ తిమ్మయ్యగారు ఆ తటస్థ సంఘమునకు అధ్యక్షులు. మూడేండ్లకు ముందు త్రోసివేసిన మధ్యవర్తినే తుదకు పిలువవలసివచ్చినది.

అదే కాలమున మన దేశమున తిండికొఱత యేర్పడెను. మన రాయలసీమలో వానలు వరుసగా తప్పి, గంజికేంద్రములు తెఱవవలసి వచ్చిన కఱవు అదియే. ఎండిన బావులను లోతుచేయుటకు 1952లో సైనికులు గూడ వచ్చిరి. భారత ప్రభుత్వము అమెరికాను గోధుమలడిగెను. కొరియా విషయమున భారతదేశము తమ మాట వినలేదను కినుకచే అమెరికా శాసనసభలో కొందఱు అడ్డుపడగా చర్చ నెలలకొలది సాగెను. ఇంతలో సోవియట్ రష్యా వస్తుమార్పిడి పద్ధతిమీద గోధుమలను ఓడలకెత్తెను. 1951 జూనులో అమెరికాయు 19 కోట్ల డాలర్ల అప్పుమీద 20 లక్షల టన్నుల ధాన్యమిచ్చుటకు చట్టము చేసెను. ఏ ధాన్యమునకును రాజకీయపు వాసన లేకపోలేదు. కాని ఆకలిగొన్న వానికి రెండును అన్నమే. రెండు వాకిళ్లును మూసికొనని దేశమునకు రెండు వాకిళ్లనుండియు గింజలు వచ్చినవి.

మాస్కోలో నాడు జరిగిన మఱియొక సంగతి తెలుగువారమైన మనకు మిక్కిలి దగ్గఱిది. 1946 మొదలు తెలంగాణమున కమ్యూనిస్టు నాయకత్వమున సాయుధపోరాటము నడుచుచుండెను. మొదట నిజాము పాలనమీదను, 1948 సెప్టెంబరు పిమ్మట భారత సైన్యముతోను అది సాగెను. 1951 ఫిబ్రవరిలో నలుగురు కమ్యూనిస్టు నాయకులు రహస్యముగా మాస్కో చేరి స్టాలినును కలిసిరి. వారిలో మాకినేని బసవపున్నయ్య, చండ్ర రాజేశ్వరరావు గారలు తెలుగువారు. అజయ్ ఘోష్, డాంగే గారలు తక్కిన యిద్దఱు. చైనాలో జరిగినట్లే భారతదేశమున జరుగునని తలపరాదని స్టాలిన్ వారికి చెప్పెను. ఆ సంవత్సరము అక్టోబరులో పోరాటము విరమింపబడినది. చూడుడు: భారత ప్రభుత్వపు రాయబారియు తెలుగువాడు, ఆ ప్రభుత్వముపై తిరుగబడి రహస్యముగా వచ్చిన నాయకులలో నిద్దఱును తెలుగువారు, ఒకే నగరమున, ఒకే మనుష్యుని గుమ్మము తట్టిరి. ప్రచ్ఛన్నయుద్ధము దూరదేశపు సంగతి కాదు, మన యిండ్లలో అన్నదమ్ముల నడుమనే గీత గీచినదని దీనివలన తెలియును.

1952 ఏప్రిల్ 5వ తేదీన రాధాకృష్ణన్ గారు సెలవు తీసికొనుటకు స్టాలినును రెండవమారు కలిసిరి. అప్పటికి స్టాలిన్ ముఖము ఉబ్బియుండెననియు, ఈయన చేయి చాచి ఆతని చెంపను తట్టి, వీపు నిమిరెననియు, తన్ను రాక్షసునిగాక మనిషిగా చూచిన వారు తా మొక్కరేయని స్టాలిన్ కన్నులు చెమర్చెననియు ఆనాటి వారు చెప్పుకొనిరి. ఏడాది నిండకమునుపే, 1953 మార్చి 5వ తేదీన, స్టాలిన్ మరణించెను. అశోకునివలె ఆతడు మారలేదు. ఇది దాచవలసిన మాట కాదు. కాని భారత రష్యాల నడుమ నుండిన అనుమానపు గోడ ఆ మూడేండ్లలో చాలవఱకు కరగినది. తరువాతికాలమున కట్టిన ఉక్కు కర్మాగారములకును, ఇరుదేశముల దీర్ఘమైత్రికిని పునాది యచ్చటనే పడినది.

1952 మే 13వ తేదీన ఆయన ఉపరాష్ట్రపతియై రాజ్యసభ కధ్యక్షత వహించిరి. ఆ సభలో కమ్యూనిస్టు పక్షమునకు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్యగారు, నెల్లూరు జిల్లావారే. కొలదికాలమునకు పూర్వము అజ్ఞాతవాసమున నుండిన పక్షమువారు ఇప్పుడు సభలో లేచి నిలిచి వాదించుచుండగా, పెద్దపీటమీద కూర్చున్న తెలుగు పండితుడు వినుచుండెను. గీతకు ఇరువైపుల నిలిచినవారు ఒకే కప్పుక్రింద మాటలాడుకొనుటయే ప్రజాప్రభుత్వము. 1954లో భారతరత్న బిరుదము వారికి లభించినది. 1956లో భార్య శివకామమ్మగారు మరణించిరి.

1957 సెప్టెంబరులో ఆయన చైనాకు వెళ్లిరి. మావో సే టుంగ్ ఎదురువచ్చి చేయి కలుపగా, అలవాటు చొప్పున ఆతని చెంపనుగూడ తట్టిరనియు, చుట్టునున్నవారు నిర్ఘాంతపోగా, స్టాలినునకును ఇట్లే చేసితినని నవ్వుచు చెప్పిరనియు ఒక కథ కలదు. అయినను 1962 అక్టోబరు 20వ తేదీన చైనా సైన్యము మన సరిహద్దులను దాటి వచ్చెను. ఆ యేడు మే నెలలోనే రాధాకృష్ణన్ గారు రాష్ట్రపతి యైయుండిరి. సైనికులకు చలిబట్టలు చాలలేదు, తుపాకులు చాలలేదు. ప్రభుత్వము చైనాను అతిగా నమ్మినదనియు, సన్నద్ధతయందు అశ్రద్ధ చేసినదనియు రాష్ట్రపతియే బహిరంగముగా చెప్పిరి. తన ప్రభుత్వపు తప్పును తానే యొప్పుకొనుట ఆ పదవియందున్నవారికి సులభము కాదు. చెంప తట్టినంతమాత్రమున శత్రుత్వము పోదని, స్నేహమునకు తోడు మెలకువయు కావలెనని దేశము గొప్ప వెల చెల్లించి నేర్చుకొన్నది. ఆ దినములలోనే క్యూబా ద్వీపమున సోవియట్ క్షిపణుల విషయమై అమెరికా రష్యాలు పరమాణుయుద్ధపు అంచువఱకు పోయి మరలినవి.

ఆ కష్టసమయమున అమెరికా, బ్రిటనులు మనకు ఆయుధములు పంపినవి. 1963 జూనులో ఆయన అమెరికాకు వెళ్లి కెనెడీగారి అతిథియైరి. వారు దిగిననాడు వాన కురియుచుండెను. వాతావరణము బాగులేదని కెనెడీగారు విచారము తెలుపగా, సంఘటనలను మనము మార్చలేకున్నను వానిని చూచు మన దృష్టిని మార్చుకొనవచ్చునని ఈయన సమాధాన మిచ్చిరట. మఱుసటి సంవత్సరము సెప్టెంబరులో సోవియట్ రష్యాకు వెళ్లిరి; ఈమారు రాయబారిగా గాక రాష్ట్రపతిగా. ఒకరి యిల్లు త్రొక్కినందుకు రెండవవారు తలుపు మూయలేదు. 1965 యుద్ధమునకు పిమ్మట భారత పాకిస్తానుల సంధి 1966 జనవరి 10వ తేదీన సోవియట్ భూమియైన తాష్కెంటులో జరుగుటకు వీలైనదనిన, పదునైదేండ్ల క్రిందట మొదలైన ఆ నమ్మకమునుగూడ తలచుకొనవలెను.

1967 మే నెలలో పదవి విడిచి మదరాసునందలి తమ యింటికి చేరిరి. 1975 ఏప్రిల్ 17వ తేదీన అచ్చటనే పరమపదించిరి. వారి కుమారుడు, చరిత్రకారుడు, సర్వేపల్లి గోపాల్ గారు 1989లో తండ్రి జీవితచరిత్రను ప్రకటించిరి. ఆ సంవత్సరమే నవంబరులో బెర్లిను గోడ తెఱచుకొనెను. 1991 డిసెంబరులో సోవియట్ రాజ్యమే లేకపోయెను. శాశ్వతమనుకొన్న రెండు శిబిరములలో నొకటి, ఆయన కన్నుమూసిన పదునాఱేండ్లకే చరిత్రలో కలిసిపోయినది.

ఈ జీవితమునుండి మనము నేర్వవలసిన దేమి? ఎవరి పక్షమునను చేరకుండుట యనగా అభిప్రాయము లేకుండుట యని కొందఱు తలతురు. రాధాకృష్ణన్ గారికి అభిప్రాయములు గట్టిగానే యుండెను. తిరుపతిలోను, మదరాసులోను గురువుల విమర్శను విన్నపుడు తన నమ్మకమును విడువలేదు, గురుభక్తిని విడువలేదు. క్రెమ్లినులోను అట్లే చేసిరి. స్థిరమైన మనస్సు గలవాడే భయములేక ఎదుటివాని మాట వినగలడు. ఆయన ప్రయత్నములలో కొన్ని ఫలించినవి. కొరియాలో ఫలింపలేదు, చైనా విషయమున ఫలింపలేదు. ఫలింపనివానిని గూడ చేయుటకు జంకలేదు.

మన పాఠశాలలోను వేర్వేఱు ఊళ్లవారు, మతములవారు, కులములవారు, పక్షములవారి పిల్లలు ఒక బల్లమీద కూర్చుందురు. తగవు వచ్చినపుడు నీవు ఎవరివాడవని అడుగుట వాడుక. ఆ ప్రశ్నకు జవాబిచ్చుటకు ముందు, తగవులో నున్న యిద్దఱివద్దకును నడచిపోయి వినుడు. తలిదండ్రులును, ఉపాధ్యాయులును ఇందుకు తోడ్పడుదురు గాక. ఎర్రగుంట్లనుండి తిరుత్తణికి దూరము కొన్ని గంటలే. తిరుత్తణినుండి ఆ బాలుడు నడచిన దూరము మీకును సాధ్యమే.